‘30 ఏళ్లుగా ఇస్తున్నాను, తగ్గుతోంది కదా’ అన్న మాటకు ఏం చెప్పాలి?

ప్రశ్న: వైద్యవిద్య పూర్తి చేసి రెండేళ్లుగా ఒక పెద్ద డాక్టరు గారి క్లినిక్‌లో పనిచేస్తున్నాను. పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూసుకుని వైద్యం చేయాలని చదువుకునే రోజుల్లో మాకు నేర్పారు. ఇక్కడికి వచ్చాక మూడు చిక్కులు ఎదురయ్యాయి. దగ్గుతో వచ్చిన ప్రతివారికీ మా సారు యాంటీబయాటిక్ రాస్తారు. అవసరం లేదేమో అని అంటే, ‘30 ఏళ్లుగా ఇస్తున్నాను, తగ్గుతోంది కదమ్మా’ అంటారు. రోజుకు 50, 60 మందిని చూడాల్సిన చోట పరిశోధనా పత్రాలు చదివే తీరిక దొరకదు. ఎప్పుడైనా చదివినా, అందులోని రోగులకూ నా ముందు కూర్చున్న మనిషికీ పోలిక కుదరదు. ఆధారాలను బట్టి వైద్యం చేయడమన్నది పుస్తకాల వరకేనా? రోజువారీ ఓపీలో దాన్ని ఎలా ఆచరించాలి?
— ఒక యువ వైద్యురాలు

సమాధానం:

డాక్టరు గారూ, మీరు చెప్పిన మూడు చిక్కుల్లో మొదటిదాని దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఆ ముడి విడిపోతే మిగతా రెండూ సగం వదులవుతాయి.

మీ సారు అబద్ధం చెప్పడం లేదు. ఆయన మందు ఇచ్చారు, దగ్గు తగ్గింది, రెండూ నిజాలే. ఆ రెండు నిజాల నడుమ ‘కాబట్టి’ అన్న మాట ఎలా వచ్చి చేరిందన్నదే మనం చూడాల్సింది. వేరే జబ్బులేవీ లేని పెద్దవారికి జలుబుతో మొదలై ఛాతీలోకి దిగిన దగ్గు పూర్తిగా తగ్గడానికి సగటున దాదాపు 18 రోజులు పడుతుందని 2013లో వెలువడిన ఒక సమీక్ష లెక్కగట్టింది. ఆ పరిశోధకులే మామూలు జనాన్ని అడిగినప్పుడు, ఏడు నుంచి తొమ్మిది రోజుల్లో తగ్గిపోతుందని అనుకుంటున్నట్టు వారు చెప్పారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే మీ ఓపీ నడుస్తోంది. మనిషి ఎనిమిదో రోజునో పదో రోజునో ఓపిక నశించి వస్తాడు, మీ సారు మందు రాస్తారు, ఆ మనిషి ఐదు రోజులు వాడతాడు, ఆ తర్వాత రెండు మూడు రోజులకు దగ్గు సద్దుమణుగుతుంది. మందు వేసుకోకపోయినా ఇంచుమించు అదే రోజున సద్దుమణిగేదని తెలియడానికి ఆ గదిలో ఏ దారీ లేదు, ఎందుకంటే మందు వేసుకోని రోగి అక్కడ ఎవరూ లేరు. యాంటీబయాటిక్ వల్ల ఇలాంటి దగ్గు సగటున సగం రోజు ముందుగా తగ్గుతుందని, ట్రయళ్లన్నిటినీ, అంటే రోగుల మీద మందును పరీక్షించి చూసిన అధ్యయనాలన్నిటినీ, కలిపి చూసిన కాక్రేన్ అనే సంస్థ సమీక్ష చెబుతోంది. ఆ సగం రోజుకు బదులుగా వికారం, విరేచనాలు, దద్దుర్లు వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. పైగా, తగ్గనివారిలో చాలామంది తిరిగి రారు, మరో డాక్టరును వెతుక్కుంటూ పోతారు. తగ్గినవారే మళ్లీ కనిపించి నమస్కారం పెట్టి వెళతారు కనుక, 30 ఏళ్ల అనుభవం నిజాయితీగా పోగుపడినా ఒక వైపుకే ఒరుగుతుంది.

దగ్గు విషయంలో ఈ పొరపాటు పెద్దగా ప్రాణాల మీదికి తేదు. తెచ్చిన సందర్భం ఒకటి మనకు బాగా తెలుసు. గుండెపోటు వచ్చి బతికినవారిలో గుండె అదనంగా తప్పుడు స్పందనలు చేస్తుంటే, అలాంటివారు హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువని 1980ల నాటికే స్పష్టమైంది. ఆ స్పందనలను అణచే మందులు దొరికాయి. మందు ఇస్తే ఈసీజీ శుభ్రపడుతోంది, డాక్టరుకు కళ్ల ముందే ఫలితం కనిపిస్తోంది, తర్కంలోనూ లోటు లేదు. అప్పుడు ‘కాస్ట్’ అనే ట్రయల్‌లో, మందుకు ఈసీజీ శుభ్రపడిందని ముందే రుజువైన రోగులనే తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరికి ఆ మందుల్లోని ఎన్‌కైనైడ్ లేదా ఫ్లెకైనైడ్, మిగిలినవారికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సగటున పది నెలలు గమనించేసరికి మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు; ప్లాసిబో తీసుకున్న 743 మందిలో చనిపోయినవారు 26 మంది. 1989లో ఆ మందులను ట్రయల్ నుంచి తొలగించారు. ఇందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది మరణాల సంఖ్య ఒక్కటే కాదు. అంతకుముందు ఆ మందులు రాసిన డాక్టర్లలో ఎవరికీ, తమ రోగి మందు వల్ల పోయాడని అనుమానించే అవకాశమే లేదు. గుండెపోటు వచ్చిన మనిషి పోతే గుండె జబ్బుతో పోయాడని అనుకుంటాం తప్ప, ఈసీజీని అంత అందంగా దిద్దిన మాత్రను ఎవరు అనుమానిస్తారు?

తేడా చిన్నదైనప్పుడు కంటిచూపు ఇంకా అక్కరకు రాదు. తలకు బలమైన గాయమైనవారికి స్టెరాయిడ్ ఇవ్వడం దశాబ్దాలపాటు చాలాచోట్ల సాగింది. 10,008 మందితో జరిగిన ‘క్రాష్’ ట్రయల్ ఫలితాలు 2004లో వచ్చాయి. స్టెరాయిడ్ ఇచ్చినవారిలో రెండు వారాల్లోపు 21.1 శాతం, ఇవ్వనివారిలో 17.9 శాతం చనిపోయారు. ఏడాదికి వంద తలగాయాలు చూసే సర్జనుకు సైతం 18 మంది పోవడానికీ 21 మంది పోవడానికీ తేడా అనుభవంలోకి రాదు. ఒక ఏడాది రోడ్డు ప్రమాదాలు కాస్త తీవ్రంగా ఉన్నా ఆ తేడా అందులో కలిసిపోతుంది. కాబట్టి అనుభవజ్ఞుల తెలివితేటలను శంకించనక్కర్లేదు. మనిషి జ్ఞాపకం లెక్కపుస్తకం కాదన్నదొక్కటే ఇక్కడి విషయం.

అలాగని అనుభవాన్ని పక్కన పెట్టమని ఎవరూ చెప్పలేదు. ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్, అంటే ఆధారాలను బట్టి వైద్యం, అన్న మాట 1991, 1992 ప్రాంతంలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి గోర్డన్ గయట్, ఆయన సహచరుల రచనల ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. దాని మీద వచ్చిన అపార్థాలకు జవాబుగా 1996లో డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు ఒక వ్యాసం రాశారు. అప్పటికి దొరుకుతున్న మేలైన ఆధారాన్ని శ్రద్ధగా, బాహాటంగా, వివేకంతో వాడి ఆ ఒక్క రోగి విషయంలో నిర్ణయం తీసుకోవడమే ఈ పద్ధతి అని అందులో వివరించారు. వైద్యుడి నేర్పు లేకపోతే ఆధారమే పెత్తనం చేసే ప్రమాదం ఉందని కూడా అక్కడే హెచ్చరించారు. చదువుకునే రోజుల్లో మనకు ఆధారాల మెట్లను చూపించే త్రికోణం బొమ్మ మాత్రం గుర్తుండిపోయి, ఈ హెచ్చరిక జారిపోయింది. మీ సారు దగ్గుతో వచ్చిన మనిషి గుమ్మంలో నడిచి వస్తుండగానే, ఇది న్యుమోనియా అని పసిగట్టి ఉంటారు. ఊపిరి వేగం, ముఖం రంగు, మాట మధ్యలో ఆగే తీరు చూసి వచ్చే ఆ పసిగట్టడం ఏ సమీక్షలోనూ దొరకదు. ట్రయల్ ఫలితం ఎవరికి వర్తిస్తుందో తేల్చాల్సింది ఆ చూపే. ఏ మందు మేలు చేస్తుందో తేల్చే పని మాత్రం దానికి అప్పగించకూడదు.

ఇక తీరిక సంగతి. 1985లో కొందరు డాక్టర్ల పక్కన కూర్చుని గమనించిన పరిశోధకులకు, ప్రతి ముగ్గురు రోగులకు సుమారు రెండు సందేహాలు తలెత్తుతున్నాయనీ, వాటిలో అత్యధికం జవాబు లేకుండానే వదిలేస్తున్నారనీ తేలింది. మీ లెక్కన రోజుకు 35, 40 సందేహాలు. అన్నిటికీ జవాబు వెతకడం ఎవరి తరమూ కాదు కనుక, ఆ ప్రయత్నం మొదలుపెట్టకండి. జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ఆ రోజు తలెత్తినవాటిలో మళ్లీ మళ్లీ వచ్చేది, జవాబు దొరికితే మీ చీటీ మారిపోయేది ఏదో చూసి ఒక్కటి రాసుకోండి. ఆ రెండో షరతు ముఖ్యం. జవాబు ఏదైనా మీరు చేసేది మారనప్పుడు ఆ ప్రశ్న ఎంత ఆసక్తికరమైనా ఆదివారానికి వాయిదా వేయవచ్చు.

రాసుకునే తీరులోనే సగం పని ఉంది. ‘దగ్గుకు యాంటీబయాటిక్ పనిచేస్తుందా?’ అని రాసుకుంటే ఎంత వెతికినా జవాబు దొరకదు, ఎందుకంటే దగ్గు ఎవరిదో, ఏ మందో, పనిచేయడమంటే ఏమిటో అందులో లేవు. ఇలా రాసి చూడండి: ‘వేరే జబ్బులు లేని, ఆయాసం లేని, స్టెతస్కోపు పెడితే ఒక చోట ప్రత్యేకంగా ఏ శబ్దమూ వినిపించని 40 ఏళ్ల మనిషికి, పది రోజుల దగ్గుకు అమోక్సిసిలిన్ ఇస్తే, ఏమీ ఇవ్వకపోవడంతో పోల్చినప్పుడు, రాత్రి నిద్ర పట్టే రోజు ఎంత ముందుకు వస్తుంది?’ ఎవరికి, ఏమిస్తే, దేనితో పోలిస్తే, ఏది మారుతుంది అన్న నాలుగు ముక్కలూ ఇందులో ఉన్నాయి. నాలుగో ముక్కను రోగి మాటల్లో రాయండి. తెల్లరక్తకణాల సంఖ్య కోసం మీ దగ్గరకు ఎవరూ రారు. నిద్ర కోసం వస్తారు, పనికి వెళ్లడం కోసం వస్తారు. కాస్ట్ ట్రయల్‌కు ముందు అందరూ ఈసీజీని నాలుగో ముక్కగా రాసుకున్నారు. మరణం అని రాసుకుని ఉంటే ఆ కథ ఇంకోలా నడిచేది.

వెతకడం పైనుంచి కిందికి సాగాలి. ముందుగా, ఎలా తయారైందో తన నోటితో తాను చెప్పే తాజా గైడ్‌లైన్, అది లేకపోతే క్రమబద్ధమైన సమీక్ష, అదీ లేకపోతేనే విడి ట్రయల్. గైడ్‌లైన్ చదివేటప్పుడు సిఫారసు పక్కన దాని బలం ఏమని రాశారో చూడటం చాలామంది మరిచిపోతారు. గ్రేడ్ పద్ధతిలో ఆధారం మీద ఉన్న నమ్మకాన్ని అధికం, మధ్యస్థం, తక్కువ, అతి తక్కువ అని నాలుగు మెట్లుగా చూపి, సిఫారసును బలమైనది లేదా బలహీనమైనది అని విడిగా చెబుతారు. బలహీనమైన సిఫారసు కనబడితే, పెద్దలు చేతులెత్తేశారని అనుకోకండి. తెలిసినదంతా విన్నాక వివేకం గల రోగులు రెండు వైపులా పోవచ్చు కనుక, అడిగి చేయమని దాని అర్థం. సమీక్ష కూడా దొరకక విడి ట్రయల్ చదవాల్సి వస్తే మూడు చోట్ల చూడండి: రోగులను రెండు వర్గాలుగా లాటరీ పద్ధతిలోనే విడదీశారా, మొదట చేరినవారందరి లెక్కా చివర తేలిందా, కొలిచింది రోగికి తెలిసే మార్పునా లేక కాగితం మీది అంకెనా. ఈ మూడింటికీ ఐదు నిమిషాలు చాలు. మందుల కంపెనీ ప్రతినిధి బల్ల మీద పెట్టి వెళ్లే రంగుల కరపత్రంలో ఈ మూడింటిలో ఒక్కదానికైనా సూటి జవాబు ఉందేమో ఒకసారి వెతికి చూడండి. నాకు ఆ అలవాటు కొంత కాలక్షేపాన్ని కూడా ఇచ్చింది.

మీ మూడో చిక్కు అసలైనది. ట్రయల్‌లోని రోగులు నా రోగిలా లేరని మీరు అంటున్నారు, ఎప్పటికీ ఉండరు. అచ్చంగా అలాంటివారేనా అని అడగకండి. ఈ ఫలితం నా ముందున్న రోగి విషయంలో తారుమారు కావడానికి గట్టి కారణం ఏదైనా ఉందా అని అడగండి. చాలా సందర్భాల్లో ఉండదు. జబ్బు ముప్పును మందు ఎంత వంతు తగ్గిస్తుందన్నది ఇంచుమించు అందరిలోనూ ఒకేలా ఉంటుంది. మారేది ఆ మనిషికి మొదట ఉన్న ముప్పు. లెక్క కోసం అంకెలు ఊహించి చెబుతాను. ఒక మందు పక్షవాతం ముప్పును నాలుగో వంతు తగ్గిస్తుందనుకోండి. రాబోయే పదేళ్లలో వందకు 24 మందికి పక్షవాతం వచ్చేంత ముప్పున్న వర్గంలో అది ఆరుగురిని కాపాడుతుంది, అంటే ఒకరికి మేలు జరగడానికి సుమారు 17 మంది పదేళ్లు మందు వాడాలి. వందకు నలుగురికే వచ్చే వర్గంలో అదే మందు ఒక్కరినే కాపాడుతుంది, అక్కడ 100 మంది వాడాలి. సైడ్ ఎఫెక్టులు మాత్రం రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ‘25 శాతం తగ్గింపు’ అన్న ఒకే వాక్యం ఒకరికి మందు రాయమని, మరొకరికి వద్దని చెప్పగలదు. ఈ గుణకారం రోగి ఎదుటే, చీటీ వెనుక భాగంలో చేయవచ్చు.

ఫలితం నిజంగానే తారుమారైన సందర్భాలూ ఉన్నాయి, అందుకే ఆ ప్రశ్న అడగమన్నాను. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూసిన రికవరీ ట్రయల్‌లో, వెంటిలేటరు మీద ఉన్నవారిలో 28 రోజుల మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరమే పడనివారిలో మేలేమీ కనబడలేదు. మరణాలు మందు ఇవ్వనివారిలో 14 శాతం, ఇచ్చినవారిలో 17.8 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు, కానీ జ్వరం వచ్చిన ప్రతివారికీ ఇంట్లోనే స్టెరాయిడ్ మొదలుపెట్టడానికి ఆ ట్రయల్‌ను సాకుగా చూపడం కుదరదు. మందు ఒకటే, జబ్బు ఒకటే, దశ వేరు. మరో ఉదాహరణ ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జరిగిన ఫీస్ట్ ట్రయల్. తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన పిల్లలకు సెలైన్ వేగంగా ఎక్కించాలన్నది ప్రపంచమంతటా పాఠం. 2011లో ఫలితాలు చూస్తే, వేగంగా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో పదిన్నర శాతం, అలా ఎక్కించనివారిలో 7.3 శాతం చనిపోయారు. ఇంటెన్సివ్ కేర్ సదుపాయాలున్న చోట తయారైన పాఠాన్ని అవి లేని చోటికి మోసుకుపోతే ఏమవుతుందో అక్కడ కొలిచేదాకా ఎవరికీ తెలియలేదు.

ఇక ఇదంతా ఒక మనిషి దగ్గర ఎలా కూడుకుంటుందో చెబుతాను. నా దగ్గరకు చాలాకాలంగా వచ్చే ఒక పెద్దావిడ వయసు 79. పై బీపీ 120 లోపు ఉంచితే గుండె, రక్తనాళాలకు సంబంధించిన పెద్ద ఆపదలు, మరణాలు తగ్గాయని 2015 నాటి స్ప్రింట్ ట్రయల్ చూపింది కనుక, మాత్ర ఒకటి పెంచుదామా అని ఆలోచించాను. ట్రయల్‌ను మరోసారి తెరిచాను. 9361 మంది, 75 దాటినవారూ అందులో ఉన్నారు. కానీ మధుమేహం ఉన్నవారినీ, అదివరకే పక్షవాతం వచ్చినవారినీ చేర్చుకోలేదు. ఆవిడకు ఆ రెండూ లేవు కనుక దారి మూసుకుపోలేదు. అయితే ఆ ట్రయల్‌లో బీపీని ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, ఆటోమేటిక్ యంత్రంతో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. నా ఓపీలో మెట్లెక్కి వచ్చిన ఆవిడ చేతికి నేను పట్టీ చుట్టి చూసిన 152కూ, ఆ పద్ధతిలో వచ్చే అంకెకూ పోలిక లేదు. పక్క గదిలో కూర్చోబెట్టి ఆ విధంగానే చూస్తే 138 వచ్చింది. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి చూస్తే 116కు పడింది, ఆవిడ కుర్చీ వీపు పట్టుకుంది. ఎక్కువ మందులు వాడిన వర్గంలో సొమ్మసిల్లడం, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినడం ఎక్కువగా కనిపించాయని కూడా ఆ ట్రయల్ చెప్పింది. పక్షవాతం ముప్పు ఇంత, కళ్లు తిరిగి పడే ముప్పు ఇంత అని రెండూ చెప్పి, దేనికి ఎక్కువ భయపడుతున్నారని అడిగాను. ‘పడితే మళ్లీ లేవను నాయనా, దానికే నా భయం’ అంది. మాత్ర పెంచలేదు. ట్రయల్‌ను పక్కన పెట్టి ఆ పని చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. దాన్ని చివరిదాకా చదివాను కనుకనే చేశాను.

రోగిని అడగడమంటే ‘మీ ఇష్టం’ అని చేతులు దులుపుకోవడం కాదు. చెవిపోటుతో ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని వచ్చిన తల్లికి ఇలా చెప్పవచ్చు: ‘ఇలాంటి చెవిపోటు వచ్చిన వంద మంది పిల్లల్లో 60 మందికి మందు వేసినా వేయకపోయినా ఒక్క రోజులో తగ్గిపోతుందమ్మా. యాంటీబయాటిక్ ఇస్తే, 20 మంది పిల్లల్లో ఒకరికి రెండు మూడు రోజుల తర్వాత ఉండాల్సిన నొప్పి లేకుండా పోతుంది. 14 మందిలో ఒకరికి ఆ మందు వల్లనే వాంతులో, విరేచనాలో, దద్దుర్లో వస్తాయి. నొప్పికి పారాసెటమాల్ ఇప్పుడే ఇద్దాం. యాంటీబయాటిక్ చీటీ రాసి మీ చేతికిస్తాను, రెండు మూడు రోజుల్లో తగ్గకపోతేనో, జ్వరం పెరిగితేనో కొనండి.’ రెండేళ్లలోపు పిల్లకు రెండు చెవులూ నొప్పి చేసినా, చెవి నుంచి చీము కారుతున్నా ఈ సలహా మార్చాలి, ఎందుకంటే అలాంటివారికి మందు వల్ల మేలు ఎక్కువని ట్రయళ్లు చూపాయి. ఇదంతా చెప్పడానికి ఒక నిమిషం పైన పడుతుంది. యాంటీబయాటిక్ రాసి పంపడానికి పది సెకన్లు చాలన్నది నిజమే. రద్దీ ఓపీలో మందులు ఎక్కువగా రాయడానికి వైద్యుల అజ్ఞానం కంటే ఈ తేడాయే పెద్ద కారణమని నా అనుమానం.

ఏ ట్రయలూ లేని ప్రశ్నలు మీకు రోజూ ఎదురవుతాయి. అప్పుడు శరీరధర్మశాస్త్రం, పెద్దల అనుభవం, సాధారణ వివేకం మాత్రమే మిగులుతాయి. వాటితోనే వైద్యం చేయండి, కానీ ఇది తక్కువ నమ్మకంతో చేస్తున్న పని అని మీకూ, వీలైతే రోగికీ తెలిసి ఉండాలి. మందు మొదలుపెట్టేటప్పుడే దాన్ని ఎప్పుడు, ఏది చూసి ఆపాలో కేసు షీటులో రాసుకోవడం అలాంటి చోట మంచి అలవాటు.

చివరగా మీ సారు సంగతి. సమీక్ష ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టకండి; అది ఆయన 30 ఏళ్లకు ఎదురుగా పెట్టినట్టే ఉంటుంది. ఆయన ఎక్కువగా నమ్మేది తన రోగులను కనుక వారినే లెక్కపెట్టే పని అడిగి తీసుకోండి. ఎవరికి యాంటీబయాటిక్ తప్పదో మీరే చెప్పండి సార్ అని అడిగి, ఆయన చెప్పే లక్షణాలను ఆయన మాటల్లోనే రాసుకోండి. ఆయాసం, దగ్గులో రక్తం, తగ్గని జ్వరం, ఊపిరి తీస్తే పొడిచే నొప్పి, ముదిమి వయసు, ఊపిరితిత్తుల పాత జబ్బు అని ఆయన చెబుతారని నా అంచనా, అవి గైడ్‌లైన్లలో ఉన్నవాటికి పెద్ద దూరంలో ఉండవు. ఆ లక్షణాలు లేనివారికి, ఆయన ఒప్పుకుంటేనే, చెవిపోటు తల్లికి ఇచ్చినట్టు ‘ఇప్పుడే కొనకండి’ అన్న మాటతో చీటీ ఇచ్చి చూడండి. ఏ లక్షణం కనబడితే వెంటనే తిరిగి రావాలో అదే చీటీ మీద రాయండి. ఇది కొత్త మందుతో చేసే ప్రయోగం కాదు, మీ క్లినిక్ పనిని మీరే లెక్క చూసుకోవడం. అయినా ఫోన్ చేస్తామని రోగికి ముందే చెప్పి సరేననిపించుకోండి.

నోటుపుస్తకంలో గీయాల్సిన గడులు ఐదే: వచ్చిన నాటికి దగ్గు ఎన్నో రోజు, చీటీలోని మందు కొన్నారా, ఏడో రోజు ఫోన్ చేస్తే ఎలా ఉన్నారు, 14వ రోజు ఎలా ఉన్నారు, ఈలోగా వేరే డాక్టరు దగ్గరకు వెళ్లారా. 30 మంది చాలు. అంత తక్కువమందితో మందు పనిచేస్తుందో లేదో తేలదు, తేలిందని మీరూ అనకండి. మందు కొనకుండానే ఎంతమందికి తగ్గుతోందో ఆయన కళ్లతో ఆయన చూడటానికి అది సరిపోతుంది. ఫోన్ ఎత్తనివారి గడిని ఖాళీగా వదిలేయకుండా, వారికి మళ్లీ మరునాడు, ఆ పైన వారానికి చేయండి. మీ సారు గదికి ఇన్నేళ్లుగా తిరిగి రాని రోగులు ఆ గడిలోనే ఉన్నారు.